చిలుకమ్మ లైనా, కిషన్‌రావు ఫోనా

వరంగల్ కాశిబుగ్గలో పొద్దున ఆరు కొట్టేసరికి రెండు చప్పుళ్ళు మొదలయ్యేవి. ఒకటి మగ్గాలది, రెండోది పోశయ్య దగ్గుది. మగ్గాలు అన్నాల వేళకు ఆగేవి. పోశయ్య ఆగేవాడు కాదు.

సమ్మమ్మ ఆ రెండిటికంటే ముందే లేచి, వాకిలి ఊడ్చి, పిల్లకు గంజి కాచిపెట్టి, చేనేత సంఘం షెడ్డులోని పదకొండో నంబరు మగ్గం మీద కూర్చునేది. జంపఖానాలు నేసేది. అంచుకు ఎరుపు, నడుమ నీలం. ఏడాది పొడుగునా ఆ రెండు రంగులు ఆమె వేళ్ళ సందుల్లో ఉండేవి. మగ్గం మాత్రం ఆమెది కాదు. సంఘం రిజిస్టరులో పదకొండో నంబరు ఎదుట ఆమె భర్త వెంకట్రాజం పేరు ఉండేది. వెంకట్రాజం నాలుగేళ్ళుగా బొంబాయి పక్కన భివండిలో పవర్‌లూము మీద పని చేస్తున్నాడు. నేసేది ఆమె, నేసినట్టు రాసేది అతని పేరు మీద. ఈ ఏర్పాటులో తప్పేమిటో ఎవరికీ కనిపించలేదు. ఎవరూ చూడలేదు కాబట్టి.

ఇది ఎనభై మూడో, ఎనభై నాలుగో నాటి మాట. అప్పటికి ఆ వాడలో సగం ఇళ్ళ మగవాళ్ళు భివండిలోనో సూరత్‌లోనో ఉండేవారు. వాళ్ళతో మాట్లాడాలంటే కాశిబుగ్గ వాళ్ళకు రెండు దారులు. నూలు దుకాణం కిషన్‌రావు ఫోను ఒకటి, చిలుకమ్మ చెవి ఒకటి.

కిషన్‌రావు ఫోను నల్లటిది. ఆయన భార్య కమల దానికి గులాబీరంగు ఊలుతో కుల్లా అల్లి తొడిగింది. డయలుకు చిన్న తాళం ఉండేది. దుకాణంలోని ఇనప్పెట్టె తాళంచెవి గోడ మేకుకు వేలాడేది గాని, ఫోను తాళంచెవి మాత్రం కిషన్‌రావు మొలతాడును వదిలి ఎరుగదు. పొద్దున బుక్ చేస్తే లైను ఎప్పుడు దొరికితే అప్పుడు గంట మోగేది. అందులో ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు రకాలు. లైట్నింగు అంటే మెరుపని, మెరుపులాగే కలుస్తుందని కిషన్‌రావు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మెరుపును వాడలో ఎవరూ చూడలేదు. దాని రేటు విని ఇళ్ళకు పోయేవారు.

చిలుకమ్మ మూలమలుపు దగ్గర రేకుల పంచ కింద కారం కలిపిన బియ్యప్పిండితో సర్వపిండి చేసి అమ్మేది. అరవై దాటిన ముసలామె. ఆమె చేతి సర్వపిండి తిన్నవాళ్ళు ఎంత దూరాన ఉన్నా ఆమెకు అందేవారు. వాళ్ళతో మాట్లాడాలంటే ఆమె ఎడమ చెవిలో మాట్లాడాలి. అక్కడ ఆ మనిషికి, పక్కన ఎవరో నిలబడి చెప్పినట్టు, మాట తన ఎడమ చెవిలో పడేది. అతను బదులిస్తే అది చిలుకమ్మ నోట్లోంచి అతని గొంతుతోనే వచ్చేది. లైను కలిసినట్టు గుర్తేమిటంటే, మాట కంటే ముందు అక్కడి చప్పుడు వచ్చేది. భివండి అయితే పవర్‌లూముల టకటక, సూరత్ అయితే రైలు కూత. ఈ చప్పుళ్ళన్నీ నోట్లోంచి పోతున్నా చిలుకమ్మ చేతులు మాత్రం గిన్నె అడుగున పిండిని ఒత్తుతూనే ఉండేవి. కూలి సోలెడు బియ్యం.

ఏది మంచిదన్న దాని మీద వాడ రెండుగా చీలిపోయి ఉండేది. చిలుకమ్మ దగ్గర మూడు నిమిషాల లెక్క లేదు, హలో అనే పని లేదు. కాకపోతే ఆమెకు జలుబు చేస్తే భివండి మొత్తం ముక్కుతో మాట్లాడేది. ఫోనులో అయితే సర్వపిండి తిననివాళ్ళు కూడా దొరుకుతారు. ఇది ఫోనుకు ఉన్న పెద్ద గొప్ప. ఎందుకంటే చిలుకమ్మ లైను, ఆ రుచి నాలుక మీద ఉన్నన్నాళ్ళే. మనిషి పరాయి ఊరి తిండికి అలవాటు పడేకొద్దీ లైను సన్నబడేది. తర్వాత ఊపిరి మాత్రం వినపడేది. ఆ తర్వాత అదీ లేదు. అప్పుడు చిలుకమ్మ గిన్నె మీద మూత పెట్టి, "లేదు బిడ్డా" అనేది.

పోశయ్య కొడుకు గోపాల్ బొంబాయి పోయిన పద్నాలుగు నెలలకే లైను తెగింది. వాడు బాగనే ఉన్నడు, చిలుకమ్మ చెవే ఖరాబైంది అని పోశయ్య ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. వారం తిరగకముందే ఎదురింటివాళ్ళ తాత, అండమాన్‌లో ఇరవై ఏళ్ళుగా ఉన్నవాడు, అదే చిలుకమ్మ నోట శుభ్రంగా తుమ్మాడు. అప్పటి నుంచి పోశయ్య ఫోను పార్టీలో చేరాడు.

సమ్మమ్మ కూడా ఫోనుకు మారి రెండేళ్ళయింది. ఆఖరిసారి చిలుకమ్మ దగ్గర కలిసినప్పుడు వెంకట్రాజం గొంతు పోగులాగా వచ్చింది. "జర సన్నబడ్డది బిడ్డా" అన్నది చిలుకమ్మ. సమ్మమ్మ మళ్ళీ అటు పోలేదు. ఎందుకు పోవడం లేదంటే పొయ్యి పొగకు కళ్ళు మంటలని చెప్పేది. ఫోనులో అందరి గొంతులూ ఒక్కతీరే సన్నగా వస్తాయి. ఆమెకు అది నచ్చింది. నాలుగు నెలలకోసారి ఫోను చేసేది. ప్రతిసారీ వెంకట్రాజం దసరాకు వస్తాననేవాడు. ఏ దసరా అన్నది ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఒక మంగళవారం సంఘం సెక్రటరీ సారంగపాణి రిజిస్టరు చంకన పెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. ఆయన జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. ఒకటి రాసేది, ఒకటి రాయనిది.

"సమ్మమ్మా, పదకొండో నంబరు పోతాంది," అన్నాడు.

"ఎటు పోతాంది బావా?"

"ఎటూ పోదు, కొట్టేత్తం. మనిషి లేని నంబర్లన్ని శనారం కల్లా కొట్టెయ్యాలె. కొత్త రూలు."

"మనిషి ఎందుకు లేదు? నేను లేనా?"

"నువ్వు మెంబరువు కావు."

"మరి నాలుగేండ్లసంది నేసిందెవలు?"

సారంగపాణి రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూశాడు. "వెంకట్రాజం," అన్నాడు.

సమ్మమ్మ మగ్గం ఆపింది. నంబరు పోతే సంఘం నూలు రాదు. నూలు రాకపోతే ఇంకొకరి మగ్గానికి నూలు కండెలు చుట్టే కూలికి పోవాలి. లేదంటే పిల్లను తీసుకుని భివండి పోయి, ఏడుగురు మగవాళ్ళు పడుకునే ఖోలీలో మరో రెండు చాపలు పరుచుకోవాలి. ఈ రెండూ ఆమె కళ్ళ ముందు నిలబడ్డాయి. మూడోది ఏదైనా ఉందా అని సారంగపాణిని చూసింది.

"ఉన్నది," అన్నాడాయన. "మనిషన్న శనారంలోపట వచ్చి మగ్గం మీద కూసోవాలె. లేకుంటే నంబరు నీ పేరు మీదికి మార్చుమని చెప్పాలె. కమిటీ నలుగురు ఇనంగ, నోటితోని, పేరు పెట్టి చెప్పాలె. ఉత్తరం రాసినా నడుస్తది గని అది పోయి వచ్చేసరికి పది దినాలు."

ఆ నోటిమాట రూలు రాసింది సారంగపాణే. దాన్ని ఆయన పెద్దకొడుకును చూసుకున్నట్టు చూసుకునేవాడు. పెద్దకొడుకు కంటే అది మాట వినేది కూడా.

"ఫోను చేద్దాం బావా," అన్నది సమ్మమ్మ.

"చిలుకమ్మ దగ్గరైతే గిప్పుడే అయిపోతది గదా?"

"పొగకు కండ్లు మండుతయి."

బుధవారం పొద్దున్నే బుక్ చేశారు. వెంకట్రాజం పనిచేసే చోటికి ఎదురుగా ఒక చాయ్ హోటల్లో ఫోను ఉండేది. ఫలానా మనిషిని పిలిపించమని చెబితే పిలిపించేవారు. సారంగపాణి, పోశయ్య, ఇంకో ఇద్దరు కమిటీ మెంబర్లు నూలు మూటల మీద కూర్చున్నారు. కమల అందరికీ చాయ్ ఇచ్చింది. మధ్యాహ్నం ఇంకోసారి ఇచ్చింది. మూడోసారి అడగలేదు. నాలుగింటికి గంట మోగింది. కిషన్‌రావు కుల్లా తీసి, తాళం తీసి, అసలు తాళం తీయాల్సిన పని లేకపోయినా తీసి, "హలో భివండీ" అని అరిచాడు. ఆ అరుపు ఫోను లేకపోయినా సగం దూరం పోయేది.

సమ్మమ్మ చేతికి ఫోను ఇచ్చాడు.

"నేను," అన్నది సమ్మమ్మ.

"ఎవలు?"

"నేనే."

"ఓ, నువ్వా. మంచిగున్నవా?"

"మంచిగనే. నువ్వు?"

"మంచిగనే. పిల్ల?"

"మంచిగనే."

"ఒక నిమిషం అయింది," అన్నాడు కిషన్‌రావు గడియారం చూస్తూ.

సారంగపాణి ఫోను గుంజుకున్నాడు. మిగిలిన ముగ్గురూ తలలు తెచ్చి ఆయన చెవికి ఆనించారు. దూరం నుంచి చూస్తే నలుగురూ ఒకే కల కంటున్నట్టు ఉన్నారు. సారంగపాణి సంగతంతా చెప్పి అడిగాడు.

"ఇప్పుడు చెప్పు తమ్మీ. ఎవలి పేరు మీద రాయాలె?"

"ఇంట్ల ఉన్నరు గదా అన్నా."

"ఇంట్ల ఎవలున్నరు?"

"ఉన్నోళ్ళే."

"పేరు చెప్పాలె తమ్మీ."

"గదే అన్నా. మా విజయలక్ష్మి వాళ్ళమ్మ."

"రిజిస్టర్ల గట్ల రాస్తరా? పేరు చెప్పు."

"నీకు తెల్వదా అన్నా?"

"నాకు తెలుసు. రిజిస్టరుకు తెల్వద్దా?"

అవతల పవర్‌లూములు టకటకలాడాయి. ఆ వాడలో మగవాడు పెళ్ళాం పేరు నోటితో పలకడు. పెళ్ళాం మొగుడి పేరు అసలే పలకదు. తొమ్మిదేళ్ళ కాపురంలో వెంకట్రాజం ఆమెను ఇగో అని, ఇన్నవా అని, పిల్ల పుట్టాక పిల్ల పేరు పెట్టి పిలిచాడు గాని, సమ్మమ్మ అన్న మాట ఒక్కసారి కూడా అనలేదు. అందులో ప్రేమ తక్కువేమీ లేదు, రివాజు అంతే. కాని ఇప్పుడు నలుగురు మగవాళ్ళు, ఇద్దరు దుకాణం మనుషులు వింటుండగా అనమంటున్నారు. అవతల చాయ్ తాగేవాళ్ళు కూడా ఎంతమంది ఉన్నారో.

"రాస్తే ఏమైతది అన్నా?" అన్నాడు వెంకట్రాజం చివరికి.

"నీ పేరు పోయి ఆమె పేరు వస్తది."

"నా పేరు పోతదా?"

"పోతది. పేరు చెప్పు ముందుగాల."

"అన్నా, నేను దసరాకు వస్త గదా—"

మూడు నిమిషాలు అయిపోయాయి. కిషన్‌రావు ఫోనును తువ్వాలుతో తుడిచి కుల్లా తొడిగాడు. మిగిలినవాళ్ళు నూలు మూటల మీద నుంచి లేచి పంచెలు దులుపుకున్నారు.

"సిగ్గువడ్డడు," అన్నాడు పోశయ్య.

"మనసు లేదు," అన్నాడు సారంగపాణి.

సమ్మమ్మ రెండు మాటలూ విన్నది. అతను పేరు చెప్పలేకపోయాడా, చెప్పాలనిపించక ఆగాడా అన్నది ఇంటికి పోయేదాకా ఆలోచించింది. అన్నం వండేటప్పుడు ఆలోచించింది. అన్నం మాడింది. ఫోనులో గొంతు వస్తుంది గాని ఈ సంగతి రాదని ఆమెకు అప్పుడు తెలిసింది.

గురువారం మళ్ళీ బుక్ చేశారు. లైను దొరకలేదు. శుక్రవారం దొరకలేదు. లైట్నింగు బుక్ చేద్దామా అని కిషన్‌రావు అడిగితే ఎవరూ ఆయన ముఖం చూడలేదు. శుక్రవారం మధ్యాహ్నం కమిటీ షెడ్డులో కూర్చున్నది.

"ఇగ చిలుకమ్మనే దిక్కు," అన్నాడు సారంగపాణి.

"అది చెల్లదు," అన్నాడు పోశయ్య. "ఆమె చెవి ఖరాబైంది. మా గోపాల్ సంగతి అందరికి ఎరుకే గదా."

"మీ గోపాల్ సంగతి ఎరుకే," అన్నారు మిగిలిన ఇద్దరూ ఒక్కసారే. పోశయ్య దగ్గి ఊరుకున్నాడు.

సారంగపాణి రూలు తీసి చదివాడు. రెండోసారి నెమ్మదిగా చదివాడు. "నోటితో చెప్పాలని ఉన్నది. ఎవలి నోటితోనని లేదు," అన్నాడు. తన చేతిరాతను చూసుకుని ఆయన ముఖం వెలిగింది. "చెల్లుతది. రేపు పొద్దుగాల ఎనిమిదింటికి."

సమ్మమ్మ అప్పుడే చిలుకమ్మ దగ్గరికి వెళ్ళింది. బేరం లేని వేళ. చిలుకమ్మ నువ్వులు చెరుగుతున్నది.

"అవ్వా, రేపు నలుగురొస్తరు."

"రానియ్యి. పిండి ఎక్కువ కలుపుత."

"లైను కలువకుంటే?"

"కలువకుంటే కలువదు."

"నలుగురి ముందట గట్లయితే ఎట్ల అవ్వా?"

చిలుకమ్మ చాట కింద పెట్టింది. "ఎన్నేండ్లాయె?"

"నాలుగు."

"ఏం తింటాండట ఆడ?"

"పావ్ రొట్టె అంట. పొద్దున అదే, మాపటికి అదే."

చిలుకమ్మ కొంచెంసేపు ఆలోచించింది, నాడి చూసిన వైద్యుడిలాగా. "పావ్ రొట్టె మంచిది కాదు," అన్నది. "సూరత్ పోయినోళ్ళు నయం. ఆడ కారం దొరుకుతదట."

"ఇప్పుడే ఒక్కసారి చూద్దామా?"

"చూసినంక రేపు వస్తవా?"

కలవకపోతే కలవలేదని ఈ సాయంత్రమే తెలిస్తే, రేపు పొద్దున రావడానికి కాళ్ళు రావు. తెలియకుండా ఉంటే వస్తాయి. చిలుకమ్మ ఈ లెక్క ముందే వేసినట్టుంది. మళ్ళీ నువ్వులు చెరగడం మొదలుపెట్టింది.

శనివారం ఎనిమిదింటికి నలుగురూ వచ్చారు. వచ్చినవాళ్ళు ముందు తలొక సర్వపిండి తిన్నారు. పోశయ్య చెల్లదు చెల్లదు అంటూనే రెండు తిన్నాడు. ఈ సంగతి తెలిసి కిషన్‌రావు కూడా దుకాణం కమలకు అప్పజెప్పి వచ్చి, తాను వచ్చింది నువ్వుల ధర అడగడానికని అందరికీ చెప్పి, ఒక పక్కన నిలబడ్డాడు.

సమ్మమ్మ పొయ్యి పక్కన కూర్చుని చిలుకమ్మ ఎడమ చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఇగో," అన్నది. "ఇన్నవా?"

చప్పుడు లేదు.

"నేను. పదకొండో నంబరు సంగతి. నలుగురు వచ్చిండ్రు. ఇన్నవా?"

చిలుకమ్మ చేతులు గిన్నెలో పిండి ఒత్తుతున్నాయి. వేళ్ళతో బొక్కలు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేస్తున్నాయి. ఆమె నోట్లోంచి పవర్‌లూము టకటక రాలేదు. చాయ్ గ్లాసుల చప్పుడు రాలేదు. ఊపిరి కూడా రాలేదు. సమ్మమ్మ ఆ చెవినే చూస్తూ కూర్చున్నది. వెనక సారంగపాణి రాసే పెన్ను వెతుక్కోవడానికి రెండూ బయటికి తీశాడు.

చిలుకమ్మ ఎడమ చేయి మూత మీదికి పోయింది. మూత ఎత్తింది. సమ్మమ్మ అది చూసింది. గిన్నె మీదికి పోవాల్సిన మూత సగం దూరంలో ఆగింది. చిలుకమ్మ కళ్ళు పొయ్యి మీద నుంచి తిరిగి సమ్మమ్మ వేళ్ళ మీద, ఆ ఎరుపు నీలం మీద, కొంచెంసేపు ఉన్నాయి. తర్వాత ఆమె మూతను మెల్లగా నేల మీద పెట్టింది.

"సారంగపాణన్నా," అన్నాడు వెంకట్రాజం చిలుకమ్మ నోట. గొంతు సన్నగా లేదు. పెళ్ళయిన ఏడు ఎట్లా ఉండేదో అట్లా ఉంది. "పదకొండో నంబరు సమ్మమ్మ పేరు మీద రాయుండ్రి. నేసేది సమ్మమ్మ."

మగవాడు నలుగురిలో పెళ్ళాం పేరు అనడం ఒకటి, అది రెండుసార్లు అనడం ఒకటి. పోశయ్యకు రావలసిన దగ్గు రాలేదు.

"అన్నడు," అన్నాడు సారంగపాణి. "పేరు పెట్టి అన్నడు. అందరు ఇన్నరా?"

అందరూ విన్నారు. ఆయన రాయని పెన్నుతో ఒకసారి, రాసే పెన్నుతో ఒకసారి రాశాడు. రాసి, చెవి గోక్కున్నాడు. "భివండి చప్పుడు రాలేదేంది ఇయ్యాల?"

"కరెంటు పోయి ఉంటది," అన్నాడు పోశయ్య. సాయం చేద్దామని కాదు, ఆయనకు దేనికైనా కారణం చెప్పడం ఇష్టం.

వాళ్ళు పోయాక సమ్మమ్మ కొంగు ముడి విప్పి సోలెడు బియ్యం తీసింది. చిలుకమ్మ తీసుకోలేదు.

"తీసుకో అవ్వా. నీ కూలి."

"కలిసిన దానికి గదా బిడ్డా నేను తీసుకునేది."

సమ్మమ్మ బియ్యం మళ్ళీ కొంగున కట్టుకున్నది. ముడి పడటానికి చాలాసేపు పట్టింది. నలభై ఏళ్ళలో చిలుకమ్మ ఇంకొకరి మాటలో తన మాట కలిపిందని ఎవరూ అనలేదు. పోశయ్య కూడా అనలేదు. ఆ గొంతు భివండి నుంచి రాలేదని సమ్మమ్మకు తెలిసింది. భివండి నుంచి ఇక ఏదీ రాదని కూడా తెలిసింది. అదే పొద్దున ఆమె షెడ్డుకు పోయి పదకొండో నంబరు మగ్గం మీద కూర్చున్నది. పన్నెండు గంటలకు అందరూ అన్నాలకు లేచారు. ఆమె లేవలేదు. సాయంత్రానికి మామూలు కంటే రెండు మూరలు ఎక్కువ నేసింది. ఆ రోజు నేసింది ఆమె నేసినట్టే రాశారు.

ఇట్లాంటి సంగతి కాశిబుగ్గలో ఆగదు. చిలుకమ్మ లైను మీద, కిషన్‌రావు ఫోను మీద, ఉత్తరాల మీద భివండి పోయింది. నాలుగు రోజుల్లో చాయ్ హోటల్లో వెంకట్రాజం చుట్టూ పదిమంది చేరారు.

"ఏమో సమ్మమ్మ పేరు తియ్యంగ తియ్యంగ అన్నవట," అన్నారు.

"నేను అనలే," అన్నాడు వెంకట్రాజం.

"నలుగురు ఇన్నరు. మీ సెక్రటరీ రాసిండు."

"నేను గా రోజు ఎవలితోని మాట్లాడలే."

"నువ్వు మాట్లాడకుంటే నీ గొంతు ఎట్ల మాట్లాడింది? రెండుసార్లు అన్నవట, ఒక్కసారి సరిపోలేదట."

వారం రోజులు అతను అనలేదనే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. చిలుకమ్మ నోట అబద్ధం వస్తుందని భివండిలో ఉన్న కాశిబుగ్గ మనిషి ఎవడూ ఒప్పుకోడు. రెండో వారంలో అతనికే అనుమానం మొదలైంది. శనివారం పొద్దున తాను ఎక్కడ ఉన్నాడో గుర్తు చేసుకోబోయాడు. ఆ పొద్దున హోటల్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చాయ్ వచ్చింది. ఎడమ చెవిలో ఏదో గుయ్యిమన్నట్టు కూడా గుర్తొచ్చింది.

మూడో వారం ఎవరో మళ్ళీ అడిగితే, "అవ్, అన్న," అన్నాడు. "అంటే ఏంది? నేసేది ఆమెనే గదా."

అన్న తర్వాత అతను కొంచెం పొడుగైనట్టు అనిపించిందని ఆ పక్కనే చాయ్ తాగినవాడు తర్వాత ఎప్పుడో చెప్పాడు. చాయ్ తాగేవాళ్ళ మాట ఎంతవరకు నమ్మాలో చెప్పలేం. కాని ఆ నెలాఖరుకు వెంకట్రాజం ఖోలీలో తన చాప ఇంకొకడికి ఇచ్చి, సందూకు నెత్తిన పెట్టుకుని, వరంగల్ టేషన్‌లో దిగాడు. దసరాకు ఇంకా మూడు నెలలు ఉంది.

ఎందుకు వచ్చావని ఎవరూ అడగక ముందే, "మాట ఇచ్చినం గదా, రావద్దా?" అని ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పుకుంటూ వచ్చాడు. మూలమలుపు దగ్గర చిలుకమ్మ పిలిచి వేడి సర్వపిండి చేతిలో పెట్టింది. సమ్మమ్మ అప్పుడే అటు వస్తున్నది. వెంకట్రాజం నిలబడే తిన్నాడు. మొదటి ముక్కకు కళ్ళు మూసుకున్నాడు.

"గదే రుచి అవ్వా," అన్నాడు. "నాలుగేండ్లు నాలుక మీద గట్లనే ఉన్నది."

"అందరు గిదే అంటరు బిడ్డా," అన్నది చిలుకమ్మ, సమ్మమ్మ వైపు చూడకుండా. "ఇంకోటి తిను."

సమ్మమ్మ అతని చేతిలోంచి సందూకు అందుకున్నది. దాంట్లో పెద్దగా ఏమీ లేదు.

సంఘం రూలు ప్రకారం మెంబరు ఊళ్ళో ఉంటే ఇంటివాళ్ళు కూడా మగ్గం మీద కూర్చోవచ్చు. వెంకట్రాజం పొద్దున పూట నేసేవాడు, సమ్మమ్మ మధ్యాహ్నం నుంచి నేసేది. చేతి మగ్గం మరిచిపోయాడేమో అనుకున్నారు గాని, రెండు జంపఖానాలు పాడు చేశాక కుదురుకున్నాడు. పని లేనప్పుడు ఆ శనివారం సంగతి చెప్పేవాడు. ఒక్కోసారి ఒక్కో కొత్త ముక్క కలిసేది. హోటల్లో ఏ బల్ల మీద కూర్చున్నది, గ్లాసు ఎట్లా పట్టుకున్నది, "పదకొండో నంబరు సమ్మమ్మ పేరు మీద రాయుండ్రి" అని ఎట్లా గట్టిగా అన్నది. పోశయ్య, తానూ అక్కడే ఉండి విన్నవాడు కాబట్టి, అవునవునని తల ఊపేవాడు. చెప్పిన ప్రతిసారీ పేరు అనాల్సి వచ్చేది. అనగా అనగా వెంకట్రాజం నోటికి అది అలవాటైంది.

సమ్మమ్మ ఆ కథ విన్న ప్రతిసారీ కండెలు చుట్టుకుంటూ ఊరుకునేది. అది కాదని చెప్పగల మనుషులు వాడలో ఇద్దరే ఉన్నారు. ఒకరు పిండి చూసుకుంటున్నారు. రెండోది తానే.

కార్తీకంలో ఒక పొద్దున ఆమె షెడ్డు వెనక నూలుకు రంగు అద్దుతున్నది. లోపల మగ్గం ఆగింది. కండె అయిపోయినట్టుంది.

"సమ్మమ్మా," అన్నాడు వెంకట్రాజం లోపలి నుంచి. "నీలం కండె తే."

షెడ్డులో మిగిలిన మగ్గాలు కూడా ఆగాయి. సమ్మమ్మ చేతులు రంగునీళ్ళలో అట్లాగే ఉన్నాయి. అటూ ఇటూ చూసింది. చిలుకమ్మ ఎక్కడా లేదు.

"సమ్మమ్మా," అన్నాడు మళ్ళీ.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, నీలం కండె తీసుకుని లోపలికి వెళ్ళింది.